బొంతయ్య చేయని నిద్ర

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక ఊరు. అడవిలో ఊరేంటమ్మా అని అప్పుడే మొదలుపెట్టకండి. మనుషులకే ఊళ్ళుండాలా ఏం?

ఆ ఊరి పేరు ఇప్పలపాడు. చుట్టూ ఇప్పచెట్లు. ఎండలు ముదిరే రోజుల్లో తెల్లవారేసరికి చెట్ల కింద నేలంతా పూలే. గుండ్రంగా, తెల్లగా, బొద్దుగా ఉండే పూలు. ఒకటి నోట్లో వేసుకుంటే పానకంలా ఉంటుంది. రెండు వేసుకుంటే నిద్రొస్తుంది. పది వేసుకుంటే కలలొస్తాయి. అందుకే ఆ ఊళ్ళో అందరూ కాస్త నిద్రమొహాలే.

నవ్వింది చాలు. కళ్ళు మూసుకుని వినండి. మధ్యాహ్నం కథ మధ్యాహ్నం నిద్ర కోసమే.

ఆ ఊరికి పడమటి పక్కన పాత వాడ ఉండేది. పాత వాడంటే ఇళ్ళ వరస అనుకునేరు. మూడే మూడు చెదపుట్టలు. ఎర్రమట్టి పుట్టలు, ఒక్కోటీ ఏనుగంత ఎత్తు. ఎప్పుడు లేచాయో ఎవరికీ తెలీదు. చెదపురుగుల ముత్తాతలకి ముత్తాతలు కట్టినవి. ఏ కాలమైనా పొద్దున్నే వాటి కొసల్లోంచి సన్నగా ఆవిరి పైకి లేచేది. చలికాలమైతే చుట్టూ మంచు. ఆ మంచులో మూడు పుట్టలూ నేలకి ఆనకుండా తేలుతున్నట్టు ఉండేవి. ఊళ్ళో పిల్లలు నిద్రలేవగానే ముందు అటు చూసేవాళ్ళు. ఆవిరి కనిపిస్తే, "హమ్మయ్య, వాడ లేచింది" అనుకునేవాళ్ళు.

పుట్టల చుట్టూ పెద్దలు తెల్లరాళ్ళు పాతారు. ఆ రాళ్ళ లోపల ఎవరూ తవ్వకూడదు, పడగొట్టకూడదు, కొత్తది కట్టకూడదు. అది ఊరి కట్టడి.

"మరి ఎలుగుబంటి పుట్టలు తవ్వి చెదపురుగుల్ని తింటుంది కదా?" అని మీలో ఒకరు అడగబోతున్నారు. నోరు తెరవక ముందే తెలుస్తుంది నాకు. తింటుంది. కానీ అడవిలో వేరే పుట్టలు బోలెడు. తెల్లరాళ్ళ దగ్గరికొచ్చేసరికి ఎలుగుబంటైనా చేతులు కట్టుకోవాల్సిందే.

ఆ కట్టడి మార్చాలంటే ఊరి సభ ఒప్పుకోవాలి. సభలో ముగ్గురు. అధ్యక్షుడు బొంతయ్య అనే ఎలుగుబంటి. మంచివాడు. పెద్ద పొట్ట, నల్లటి బొచ్చు, మెల్లటి మాట. పడుకుంటే పిడుగు పడ్డా లేవడు. రెండోవాడు సింగారప్ప అనే నెమలి. మూడోవాడు చెంగయ్య అనే కొండముచ్చు. ఏదైనా పని సరేనంటే సభ బండ మీద పచ్చాకు పెడతారు. వద్దంటే ఎండాకు పెడతారు. తెల్లరాళ్ళ విషయంలో మాత్రం మూడూ పచ్చాకులే పడాలి. ఒక్క ఎండాకు పడ్డా పని ఆగిపోతుంది.

ఇంకో సంగతి. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ఏ చోటి గురించి తీర్పు చెప్పాలో, సభ్యులు ముందు ఆ చోట నిద్ర చెయ్యాలి. ఒక మధ్యాహ్నం, ఒంటరిగా, నేలకి చెవి ఆనించి పడుకోవాలి. లేచి, వచ్చిన కల సభలో చెప్పాలి. ఆ తర్వాతే ఆకు. ఈ పద్ధతి పెట్టింది బొంతయ్య వాళ్ళమ్మ. ఆవిడే అప్పట్లో అధ్యక్షురాలు. "ఒరే బొంతా, కళ్ళు తెరిస్తే మనకి కావలసిందే కనపడుద్ది. కళ్ళు మూసుకుంటే ఆ చోటు ఏం చెబుతుందో వినపడుద్ది" అనేదావిడ. నిద్ర చేశానని అబద్ధం చెప్పినవాడు జన్మలో మళ్ళీ ఆకు పట్టుకోకూడదని కూడా ఆవిడే పెట్టింది.

సరే. ఆ ఏడాది కొండ అవతల అడవి కాలిపోయింది. అక్కడి కుందేళ్ళు పిల్లాజెల్లాతో ఇప్పలపాడుకి వచ్చేశాయి. పాపం, ఇళ్ళు లేవు. పొదల కింద పడుకునేవి. ఎండకి పిల్లల చెవులు ఎర్రగా కందిపోయేవి. చూసినవాళ్ళకి కడుపు తరుక్కుపోయేది.

అప్పుడొచ్చాడు గుంతప్ప.

గుంతప్ప ఒక పందికొక్కు. ఇళ్ళు తవ్వే మేస్త్రి. వాడి కింద ముప్పై మంది కూలీలు. సభ బండ ముందు నిలబడి మీసాలు తుడుచుకుని అన్నాడు, "అయ్యా అధ్యక్షా, ఈ కుందేళ్ళకి నేను కొత్త పేట కడతాను. అరవై గదులు. ప్రతి గదికీ రెండు దారులు. ఒక్క వానకాలం లోపల అప్పజెబుతాను."

"ఎక్కడ కడతావు?" అన్నాడు బొంతయ్య.

"పాత వాడలో. మెత్తటి మట్టి, తవ్వడం తేలిక. ఆ పుట్టల్లో ఇప్పుడెవరున్నారండీ, నాలుగు చెదపురుగులు తప్ప!"

సభ వెనకాల ఒక ఉడుము కూర్చుని ఉంది. పేరు గట్టెమ్మ. పాత వాడ అంచునే ఉంటుంది. ఆ మాటకి ఆవిడ తల గభాలున పైకి లేచింది.

"మరి ఖర్చో?" అన్నాడు చెంగయ్య.

"మీకు ఒక్క పువ్వు ఖర్చు లేదండీ," అన్నాడు గుంతప్ప. "ఇప్పుడు రాలే పూలు మీవే. పేట లేస్తే జనం పెరుగుతారు. జనం పెరిగితే చెట్లకి ఎరువు పెరుగుతుంది. ఎరువు పెరిగితే పూలు పెరుగుతాయి. ఆ పెరిగిన పూలు మాత్రం ఏడు వసంతాలు నాకివ్వండి. అంతే!"

"పెరగకపోతే?" అంది గట్టెమ్మ.

"ఎందుకు పెరగవమ్మా?"

"పెరగకపోతే?" ఉడుము ఒక మాట పట్టుకుందంటే వదలదు.

"పెరగకపోతే... ఊరి వాటాలోంచి సర్దుతారు," అన్నాడు గుంతప్ప చిన్నగా. ఆ మాట సింగారప్ప వినలేదు. తోక సర్దుకుంటున్నాడు. చెంగయ్య విన్నాడు, కానీ అప్పుడే వీపు దురద పెట్టింది. బొంతయ్య అప్పటికే కుందేలు పిల్లల చెవుల వైపు చూస్తున్నాడు.

"ముందు నిద్రలు కానివ్వండి," అన్నాడు బొంతయ్య. "తర్వాత ఆకులు."

మొదటిరోజు సింగారప్ప వంతు. మధ్యాహ్నం పాత వాడకి వెళ్ళాడు. నిప్పులు చెరిగే ఎండ. ఒక్క చెట్టు నీడ లేదు. ఎర్రదుమ్ము లేచి నీలి ఈకల మీద పడింది. "అయ్యయ్యో, నా రంగు!" అని గోలపెట్టాడు. ఎక్కడినుంచి వచ్చాడో మరి, గుంతప్ప మోదుగాకుల గొడుగు పట్టుకుని ప్రత్యక్షం.

"మీలాంటివాళ్ళు ఇక్కడ పడుకోవడమేంటండీ! పక్కనే నేను నమూనా ఇల్లు ఒకటి తవ్వించాను. రాబోయే పేట ఎలా ఉంటుందో మచ్చుకి. నేల మీద ఈ వాడలో రాలిన మట్టే పరిచాను. అక్కడ పడుకుంటే ఇక్కడ పడుకున్నట్టే."

సింగారప్ప వెళ్ళాడు. లోపల చల్లగా ఉంది. తడిమట్టి అలికిన గోడలు, మెత్తటి గడ్డి పరుపు, లావుపాటి దిండు. పడుకోగానే నిద్ర పట్టేసింది.

రెండోరోజు చెంగయ్య వంతు. చెంగయ్య అసలు పుట్టల దాకా వెళ్ళనే లేదు. తెల్లరాయి మీద అరికాలు పెట్టాడు, చుర్రుమంది, ఒక్క గెంతులో నమూనా ఇంట్లో ఉన్నాడు.

మూడోరోజు బొంతయ్య.

బొంతయ్య బుద్ధిగానే వెళ్ళాడు. పెద్దపుట్ట పక్కన నేల మీద ఒరిగాడు. నల్లబొచ్చు కదా, ఎండకి ఒళ్ళంతా ఉడికిపోయింది. డొక్కలో గులకరాయి గుచ్చుకుంది. ముక్కు మీద ఈగ వాలింది. అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. చెవి పుట్టకి ఆనించబోయాడు, మట్టి కాలింది.

"అధ్యక్షా!" గొడుగుతో గుంతప్ప. "మీకెందుకండీ ఈ తిప్పలు? ఆ మట్టే అక్కడా ఉంది."

బొంతయ్యకి అమ్మ గుర్తొచ్చింది. అమ్మ అయితే పడుకునేదే. ఎండైనా, రాయైనా, ఈగైనా. "మట్టి అదే కదా" అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. లేచి వెళ్ళిపోయాడు.

దిండు మీద తల పెట్టాడో లేదో, ఎంత మంచి కల వచ్చిందనుకున్నారు! ఆకాశం నిండా ఇప్పచెట్లు తలకిందులుగా వేలాడుతున్నాయి. వాటి నుంచి పూల వాన. ఒక్కో పువ్వూ తొందరేమీ లేనట్టు దిగుతోంది. ఊరు మెల్లమెల్లగా తెల్లగా అయిపోతోంది. ఇళ్ళు పూలలో మునిగాయి. చెట్లు మునిగాయి. తను నోరు తెరుచుకుని పూలలో తేలుతున్నాడు. చివరికి అంతా తెలుపు. ఊరు ఎక్కడుందో కనిపించలేదు. కానీ ఆ తీపిలో ఎవరు వెతుకుతారు చెప్పండి?

మర్నాడు సభ. ముగ్గురూ కలలు చెప్పారు. సింగారప్పకీ పూల వానే. చెంగయ్యకీ పూల వానే. బొంతయ్యకీ పూల వానే.

"ముగ్గురికీ ఒకటే కల! ఇంతకంటే శుభం ఏముంటుంది?" అని చెంగయ్య ఎగిరి గంతేశాడు.

ఇంతలో గట్టెమ్మ నెమ్మదిగా నడిచి సభ బండ ముందుకొచ్చింది. చెప్పాల్సిన మాట మాత్రం సూటిగా చెప్పలేదు. ఎందుకో తెలుసా? ఉడుము తన గుడ్లు ఎక్కడ పెట్టిందో నోటితో చెప్పదు. చెబితే ముంగిసల చెవిన పడుతుంది. పడిందంటే తెల్లారేసరికి పెంకులే మిగులుతాయి. అందుకని ఉడుములు ఆ మాట పైకి అనవు. ఎవరైనా వచ్చి పుట్టకి చెవి ఆనించి వింటే తెలియాల్సిందే.

"అన్నా," అంది బొంతయ్యతో. "పెద్దపుట్ట దగ్గర నిద్ర చేశావా?"

ఊరంతా బొంతయ్య వైపు చూస్తోంది. ఇప్పుడు "లేదు చెల్లీ" అనొచ్చు. అంటే ఏమవుతుంది? ఇంకోరోజు ఎండలో పడుకోవాలి. కాస్త పరువు పోతుంది. అంతే కదా! కానీ బొంతయ్య నాలుక అటు తిరగలేదు.

"చేశాను," అన్నాడు.

"చెవి ఆనించావా?"

"ఆనించాను."

"విన్నావా మరి?"

బొంతయ్యకి ఏం వినాలో కూడా తెలీదు. అయినా, "విన్నాను" అన్నాడు.

గట్టెమ్మ మొహం విప్పారింది. గట్టిగా ఊపిరి వదిలింది. "ఇంకేం, విన్నవాడివి. నీకు నేను చెప్పేదేముందన్నా," అని తోక చుట్టుకుని కుదురుగా కూర్చుంది.

సింగారప్ప పచ్చాకు పెట్టాడు. చెంగయ్య పచ్చాకు పెట్టాడు. బొంతయ్య కూడా, తల ఎత్తకుండా, పచ్చాకే పెట్టాడు.

గట్టెమ్మ ఆ ఆకు వైపు చూసింది. బొంతయ్య వైపు చూసింది. లేచి పాత వాడ వైపు వెళ్ళిపోయింది.

అయ్యో బొంతయ్యా! ఎంత పని చేశావయ్యా!

మర్నాడు గుంతప్ప కూలీలు తెల్లరాళ్ళు పీకేసి మొదటి పుట్టని కూల్చారు. సాయంత్రానికి అక్కడ ఎర్రటి మట్టిదిబ్బ. ఇంటికెళ్ళి పడుకున్న బొంతయ్యకి కంటిమీద కునుకు రాలేదు. వేడి చేసి ఉంటుందిలే అనుకున్నాడు.

రెండోరోజు రెండో పుట్టని కూల్చారు. బొంతయ్య పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పడుకునే ఉన్నాడు. ఇప్పపూలు పది తిన్నాడు. ఇరవై తిన్నాడు. ఊహూఁ. ఎలుగుబంటికి నిద్ర రాకపోవడమేంటి! పిడుగు పడ్డా లేవనివాడు ఆకు రాలితే ఉలిక్కిపడుతున్నాడు. "విన్నావా మరి?" అని గట్టెమ్మ అడిగినట్టే ఉంటోంది. ఎవరూ లేరు.

మూడోరోజు పొద్దున్నే పిల్లలు లేచి పడమటి వైపు చూశారు. "అమ్మా, వాడ ఇంకా లేవలేదేం?" అన్నాడొక ముంగిస కుర్రాడు. వాళ్ళమ్మ వాణ్ణి లోపలికి లాక్కుపోయింది. అది విన్న బొంతయ్య ఇంక ఉండలేకపోయాడు. మిట్టమధ్యాహ్నం, కాళ్ళు కాలుతున్నా, పాత వాడకి వెళ్ళాడు.

పెద్దపుట్ట ఒక్కటే మిగిలింది. దానికి గట్టెమ్మ కరుచుకుని ఉంది. నాలుగు కాళ్ళ గోళ్ళూ మట్టిలోకి దించేసి, కడుపు ఆనించి, కళ్ళు మూసుకుని ఉంది. కూలీలు లాగినట్టున్నారు, తోక మీద గీతలు పడ్డాయి. అయినా రాలేదు. వాళ్ళు తిండికి వెళ్ళారు. తిని వచ్చి పుట్టతో సహా పెకలిస్తామన్నారట.

"నువ్వు వినలేదన్నా," అంది గట్టెమ్మ కళ్ళు తెరవకుండానే. "విన్నవాడెవడూ ఆ ఆకు పెట్టడు."

బొంతయ్యకి కళ్ళనీళ్ళు తిరిగాయి. "వినలేదు చెల్లీ. అబద్ధం చెప్పాను. ఇప్పుడైనా విననీ."

గట్టెమ్మ మట్టిలోంచి గోళ్ళు ఒక్కొక్కటే తీసుకుంది. తర్వాత పక్కకి జరిగింది.

బొంతయ్య ఆ కాలే నేల మీద పడుకున్నాడు. చెవి పుట్టకి ఆనించాడు. చుర్రుమంది, తియ్యలేదు. డొక్కలో గులకరాయి గుచ్చుకుంది, కదల్లేదు. ముందు ఏమీ వినపడలేదు. తర్వాత ఎక్కడో లోతుల్లో జుమ్మని ఒక శబ్దం. మూడు రోజులుగా రాని నిద్ర ఆ శబ్దంలోంచి వచ్చింది.

కలలో బొంతయ్య చిన్నవాడైపోయాడు. చీమంత. పుట్ట కొసలోంచి లోపలికి దిగుతున్నాడు. మెట్లు లేవు, అయినా కాళ్ళకి మెట్లు తగులుతున్నాయి. లోపల చల్లగా, మసకగా ఉంది. గోడలు నెమ్మదిగా ఉబ్బుతున్నాయి, తగ్గుతున్నాయి. చెదపురుగులు ముద్ద ముద్దా మట్టి మోస్తూ ఏదో పాడుకుంటున్నాయి. ఒక పురుగు పాట ఆపితే ఇంకో పురుగు అందుకుంటోంది. ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు అయిపోతుందో తెలియని పాట. ఒక మలుపు దగ్గర వాళ్ళమ్మ పడుకుని ఉంది. చెవి గోడకి ఆనించి. "వచ్చావా," అంది, కళ్ళు తెరవకుండా. "ఆలస్యమైంది."

ఇంకా దిగాడు. అడుగున ఒక గది. వెచ్చగా, అమ్మ ఒడిలా. అందులో పన్నెండు తెల్లటి గుడ్లు. ఒక్కో గుడ్డులో ఒక్కో ఉడుము పిల్ల, తోక ముక్కుకి చుట్టుకుని నిద్రపోతోంది. ఒక్కో పిల్లా కల కంటోంది. ఆ కలలు పొగలా పైకి లేస్తున్నాయి. బొంతయ్య తొంగి చూశాడు. అన్ని కలల్లోనూ ఇప్పలపాడే! ఇప్పచెట్లు, సభ బండ, మంచులో మూడు పుట్టలు. పుట్టకముందే వాళ్ళు ఊరు చూసేస్తున్నారు.

అన్నింటికన్నా చిన్న గుడ్డులోంచి ఒక పిల్ల అడిగింది, "ఎవరు నువ్వు?"

"నేను... ఊరి అధ్యక్షుణ్ణి."

"అయితే నీకు తెలుస్తుందిగా. మేం తొలకరికి వస్తాం. అప్పటికి పైన ఊరుంటుందా?"

బొంతయ్య కలలో కూడా ఇంకో అబద్ధం చెప్పలేకపోయాడు.

టకటక చప్పుడైంది. మెలకువ వచ్చేసింది. గుంతప్ప కూలీలు గునపాలు పట్టుకుని వచ్చేశారు.

బొంతయ్య లేచి పుట్టకి అడ్డంగా నిలబడ్డాడు. ఆకాశం అదిరేలా ఒక్క అరుపు అరిచాడు. ఊరంతా పరుగెత్తుకొచ్చింది. సింగారప్ప వచ్చాడు. చెంగయ్య వచ్చాడు. పిల్లల్ని చంకలో పెట్టుకుని కుందేళ్ళు వచ్చాయి.

"నేను ఇక్కడ నిద్ర చెయ్యలేదు," అన్నాడు బొంతయ్య. "నమూనా ఇంట్లో పడుకున్నాను. చేశానని మీ అందరి ముందూ అబద్ధం చెప్పాను. ఇప్పుడు చేశాను. నా పచ్చాకు వెనక్కి తీసుకుంటున్నాను."

ఊరు నిర్ఘాంతపోయింది. సింగారప్ప తల దించుకుని, "నేనూ అక్కడే పడుకున్నాను," అన్నాడు. చెంగయ్య ఎటో చూస్తూ తోక గోక్కున్నాడు. అంటే అదే అర్థం.

ముగ్గురికీ ఒకటే కల ఎలా వచ్చిందా అని అనుమానమొచ్చి, బొంతయ్య నమూనా ఇంట్లోకి వెళ్ళి ఆ లావుపాటి దిండు బయటికి తెచ్చాడు. గోటితో చీల్చాడు. బూరుగుదూది కాదు. ఎండబెట్టిన ఇప్పపూలు, దిండు నిండా! ఆ వాసన అందరి ముక్కులకీ తగిలింది. పూల వాన ఎక్కడినుంచి కురిసిందో అప్పుడు తెలిసింది.

"నిద్ర బాగా పడుతుందని పెట్టానండీ," అన్నాడు గుంతప్ప. "మిమ్మల్ని అక్కడ పడుకోమని మెడ పట్టి నెట్టానా?"

నెట్టలేదు. అదే బొంతయ్యకి అన్నింటికంటే గట్టిగా తగిలింది.

"మరి మా పిల్లలు ఎక్కడ పడుకోవాలయ్యా?" అంది దూదెమ్మ అనే కుందేలు తల్లి. అది కోపమా ఏడుపా తెలీదు. రెండూనేమో.

"ఉత్తరపు గుట్ట ఉందిగా," అన్నాడు బొంతయ్య.

"అది రాతినేల! నా పళ్ళు విరుగుతాయి," అన్నాడు గుంతప్ప.

"నా గోళ్ళున్నాయిగా," అన్నాడు బొంతయ్య. "నీ కూలీల మూడు రోజుల కష్టానికి, మూడు వసంతాల పాటు నా వంతు ఇప్పపూలు తీసుకో. ఊరి పూల జోలికి మాత్రం రాకు."

ఎలుగుబంటి మూడు వసంతాలు ఇప్పపూలు తినకుండా ఉండడమంటే మాటలా? మీరు మూడు రోజులు మిఠాయి ముట్టకుండా ఉండండి, చూద్దాం!

ఆ సాయంత్రమే బొంతయ్య సభ బండ దిగాడు. వాళ్ళమ్మ పెట్టిన కట్టడి వాళ్ళమ్మ కొడుక్కీ వర్తిస్తుంది. మిగతా ఇద్దర్నీ ఎవరూ అడగలేదు, "చేశాను" అని నోటితో అన్నది ఈయనొక్కడే. ఆయన స్థానంలో దూదెమ్మని కూర్చోబెట్టారు. ఆవిడ చేసిన మొదటి పని ఏంటో తెలుసా? ఉత్తరపు గుట్ట మీదికి వెళ్ళి, రాళ్ళ మధ్య, నేలకి చెవి ఆనించి నిద్ర చేసింది. లేచి, "చోటు మంచిదే. రమ్మంటోంది," అంది. ఈసారి సింగారప్పా, చెంగయ్యా కూడా అక్కడే నిద్ర చేసి వచ్చాక మూడు పచ్చాకులు పడ్డాయి.

బొంతయ్య తవ్వాడు. రోజూ తవ్వాడు. గోళ్ళు అరిగిపోయాయి, రెండు విరిగిపోయాయి. కుందేళ్ళు మట్టి మోశాయి. అరవై గదులు కాలేదు కానీ, నలభై అయ్యాయి. ప్రతి గదికీ రెండు దారులు. ఎండకి కందిన చెవులు నీడకి చేరాయి. బొంతయ్యకి నిద్ర మళ్ళీ వచ్చింది. కానీ ఇప్పుడు ఆకు రాలితే లేస్తున్నాడు.

తొలకరి పడింది.

సన్నటి వాన. చుట్టూ పొగలా తడి. పెద్దపుట్ట మెత్తబడింది. గట్టెమ్మ వచ్చి ముందుకాళ్ళతో నెమ్మదిగా మట్టి తొలగించింది. ఆ లోపల గోరు పెట్టే హక్కు ఆ ఒక్కరోజు ఆ ఒక్క తల్లిదే. ఊరంతా దూరంగా నిలబడి చూసింది. ముంగిసలు కూడా ఆ రోజు బుద్ధిగా చేతులు కట్టుకున్నాయి. బొంతయ్య పక్కన నిలబడితే మరి కట్టుకోవూ!

ఒక పిల్ల వచ్చింది. రెండోది వచ్చింది. మూడోది వచ్చింది. పసుపు చుక్కల పిల్లలు, మట్టి అంటుకున్న ముక్కులు, మెరిసే కళ్ళు. పదకొండు వచ్చాయి. గట్టెమ్మ ఊపిరి బిగబట్టింది. చాలాసేపటికి పన్నెండోది, అన్నింటికన్నా చిన్నది, తూలుతూ బయటికొచ్చింది.

అది చుట్టూ చూసింది. ఇప్పచెట్లని చూసింది. సభ బండని చూసింది. తిన్నగా నడిచి బొంతయ్య దగ్గరికి వచ్చి, విరిగిన గోరు మీద ఎక్కి నిలబడింది.

"నువ్వా!" అంది. "ఊరుందే!"

"ఉంది తల్లీ, ఉంది," అన్నాడు బొంతయ్య. వానలో ఆయన కన్నీళ్ళు ఎవరికీ కనపడలేదు.

చిన్నపిల్ల వెనక్కి తిరిగి పాత వాడ వైపు చూసింది. పెద్దపుట్ట తడిసి నిలబడి ఉంది. దాని పక్కన రెండు ఎర్రటి మట్టిదిబ్బలు వానకి మెల్లగా కరుగుతున్నాయి.

"మాకు మూడు కనిపించాయే," అంది. "ఆ రెండూ ఏవి?"

ఆ రెండు పుట్టల్లో ఎవరున్నారో బొంతయ్యకీ తెలీదు. ఊళ్ళో ఎవరికీ తెలీదు. ఇంక తెలిసే దారీ లేదు.

"నేను అక్కడ నిద్ర చెయ్యలేదమ్మా," అన్నాడు బొంతయ్య.

నీతి: పదిమంది తరఫున ఒక చోటి గురించి తీర్పు చెప్పేవాళ్ళు ముందు అక్కడికి వెళ్ళి, ఓపిగ్గా ఉండి, దాని మాట వినాలి. వినకుండానే విన్నానని చెబితే, పోయిందేమిటో కూడా తెలియకుండా పోతుంది.